కందిలి వత్తి తగ్గించి

సర్దార్ కాక పోయాడు. పొద్దున నేను చాయ్ వడగడుతుంటే ఆయన కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మామ పోయిండు. చాయ్ తీస్కపోతే లేస్తలేడు" అని, "కందిలి ఏడ పెట్టాల్నో చెప్పు, నీకైతెనే ఎరుక" అంది. మా దిక్కు ప్రాణం పోయిన చోట దినాలయ్యేదాకా దీపం పెడతారు. ఆ ఇంట్లో మట్టి ప్రమిదలున్నాయి, దేవుని దగ్గర ఇత్తడి దీపముంది. అయినా ఆ పిల్లకు కాక కిరసనాయిలు లాంతరు, ఆ కందిలే గుర్తొచ్చింది. తలాపున పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేశాను. చాయ్ ఎవరికి పోశానో, తాగానో లేదో గుర్తు లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ ఆయనది. మా బాపు గనిలో బొగ్గు నింపేవాడు, ఆయన మైనింగ్ సర్దార్. గని సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. షిఫ్టు వాళ్ళు పనిలోకి రాకముందే సర్దార్ ఆ జాగా అంతా తిరిగి చూడాలి. చేతికర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినాలి. గట్టిగా పలికితే మేలు, డొల్లగా పలికితే ఆ కింద ఎవరూ నిలబడకూడదు. రెండో చేతిలో అద్దం, జాలీ ఉన్న దీపం ఉంటుంది. దాని వత్తిని బాగా తగ్గించి, మెల్లగా కప్పు దిక్కు ఎత్తి చూడాలి. గ్యాసు చేరి ఉంటే ఆ చిన్న మంట నెత్తిన లేత నీలంగా ఒక టోపీ నిలబడుతుంది. టోపీ కనపడితే అందరూ వెనక్కి, కనపడకపోతే పని మొదలు. అంతమంది ప్రాణాలు ఆ చిన్న మంటను ఒక మనిషి చూసిన చూపు మీద ఆధారపడి ఉండేవి.

ఆ ఉద్యోగం ఆయన ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, ఎవరింటికి వెళ్ళినా ముందు తలెత్తి కప్పు చూసేవాడు. "కప్పు సూడకుండ కూసోవద్దు బిడ్డా" అనేవాడు. నా పెళ్ళిలో పందిరి గుంజలన్నీ ఒక్కొక్కటే కర్రతో తట్టుకుంటూ తిరిగితే, మగపెళ్ళివాళ్ళు ఆయన్ను టెంటు వేసినతననుకుని ఇంకో రెండు కుర్చీలు తెమ్మన్నారు. తెచ్చి వేశాడు కూడా. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, ఆ సంగతి చెప్పి చెప్పి ఆయన్ను ఎన్నేళ్ళు ఏడిపించిందో!

నా కళ్ళ సంగతి చెప్పకుండా కాక సంగతి చెప్పలేను. నేను రెండు కళ్ళలోనూ పొరలతోనే పుట్టాను. కనుపాప నల్లగా కాకుండా తెల్లగా కనపడితే, కంట్లో పాలు పడ్డాయనుకుని బాపమ్మ ఆముదం వేసి తుడిచిందట. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళి ఆ పొరలు తీయించేసరికి నేను మాటలు నేర్చి, ఎదురుమాటలు కూడా నేర్చాను. ఆ తర్వాత కళ్ళద్దాలు. ఎంత మందమంటే, నన్ను బడిలో ఎవరూ పేరుతో పిలిచిన పాపాన పోలేదు, సోడాబుడ్డి అనే పిలిచారు. అవి జారిపోకుండా మా అవ్వ, అంటే అమ్మ, లంగా బొందు ముక్క కట్టి తల వెనక ముడేసేది. ఏటేటా తీసుకొచ్చి చూపించమని డాక్టర్లు చెప్పారట. ఒకటి రెండుసార్లు తీసుకెళ్ళారు. పిల్లకు కనపడుతోంది, గోడలకు తాకడం లేదు, ఇంకేం చూపించాలి అనుకుని తర్వాత మానేశారు. గని కాలనీలో పట్నం వెళ్ళడమంటే డ్యూటీలు పోవడమే.

అరవైల్లో మా క్వార్టర్ల వరసకు కరెంటు ఉన్నట్టే ఉండి పోతుండేది. అది పోయిన సాయంత్రాల్లో పిల్లలమంతా కాక అరుగు మీద చేరేవాళ్ళం. ఆయన కందిలి ముట్టించి, గనిలో చేసినట్టే వత్తిని బాగా తగ్గించి, మా ముఖాల ముందు మెల్లగా పైకెత్తి, గొంతు మార్చి అడిగేవాడు.

"ఏం గానొస్తుంది?"

పిల్లలంతా "మంట ఒక్కటే" అని అరవాలి. అప్పుడు ఆయన వత్తిని పైకి తిప్పి, "అయితే దిగుండ్రి పనికి" అనేవాడు. మేము అరుగు మీద నుంచి కిందికి దూకేవాళ్ళం. ఆట అంతే. ఎన్నిసార్లు ఆడినా విసుగొచ్చేది కాదు.

ఒక సాయంత్రం అందరూ మంట ఒక్కటే అన్నాక నేను కాదన్నాను.

"మంట సుట్టు సింగిడి ఉన్నది కాకా."

వానలో పొడిచే సింగిడి లాగే రంగులు రంగులుగా, మంట చుట్టూ గుండ్రంగా నాకు నిజంగానే కనపడింది. పిల్లలు నవ్వారు. కాక మాత్రం నవ్వలేదు, ముఖం వెలిగిపోయింది. "అందరు దూకితే సచ్చిపోతుండ్రి. గీ పిల్ల ఒక్కతే గ్యాసు పట్టింది. నా తర్వాత సర్దార్ గీమెనే" అన్నాడు. ఆడవాళ్ళను గనిలోకి దింపరు కదా అని ఎవడో అంటే, "గీమె కోసం దింపుతరు తియ్యి" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు నాదే రాజ్యం. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు కూర్చునే చాయ్ హోటల్‌కు నన్ను తీసుకెళ్ళి బల్ల మీద నిలబెట్టి, అక్కడి దీపం వత్తి తగ్గించి అడిగేవాడు. నేను సింగిడి అనేదాన్ని. వాళ్ళు చప్పట్లు కొట్టి బిస్కెట్ కొనిచ్చేవాళ్ళు. పుట్టినప్పటి నుంచి నా కళ్ళ గురించి "అయ్యో" అనే మాట తప్ప ఇంకో మాట వినలేదు నేను. మొదటిసారి ఒక మనిషి నా కళ్ళను మెచ్చుకున్నాడు. సింగిడి కనపడని రోజు నాకే దిగులుగా ఉండేది. కనపడిన రోజుల్లో నుదురు పగిలేటట్టు నొప్పి వచ్చేది, ఒక్కోసారి వాంతయ్యేది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకేం తెలుసు?

ఎవరికీ తెలియలేదు. మా కాలనీలో పొద్దునా సాయంత్రమూ ప్రతి ఇంటి ముందు బొగ్గుపొయ్యి రాజేసేవారు. వరస వరసంతా పొగ కమ్మేది. ఆ పొగలో కళ్ళు ఎర్రబడని మనిషి, నీళ్ళు కారని మనిషి లేడు. నా కన్ను కారితే పొగ అన్నారు. ఎర్రబడితే పొగ అన్నారు. ఎండలోకి వెళ్ళలేక తలుపు చాటున కూర్చుంటే, చాయ్ హోటల్ వాళ్ళ దిష్టి తగిలిందని అవ్వ మిరపకాయలు తిప్పి అదే పొయ్యిలో వేసేది. మళ్ళీ పొగ.

ఒకరోజు మందమర్రి నుంచి కాక బావమరిది వచ్చాడు. అతను కూడా గని మనిషే. కాక గొప్పగా నన్ను పిలిచి ఆట ఆడించాడు. నేను సింగిడి రంగులన్నీ వరసగా చెప్పాను. అతను చప్పట్లు కొట్టలేదు. "బావా, గ్యాసు టోపీ మంట నెత్తి మీద ఉంటది. సుట్టు తిరిగి ఉండదు. రంగులు అసలే ఉండయి. నీకెరుక లేదా?" అన్నాడు.

ఎరుకే. ఆయనకు ఆ సంగతి తెలిసినంత బాగా ఆ కాలనీలో ఇంకెవరికీ తెలియదు. ఆట కదా అని, పిల్ల సంబరపడుతోంది కదా అని, నిజం చెప్పాలంటే తనకూ సంబరంగా ఉందని, తెలిసినదాన్ని పక్కన పెట్టాడు. ఆ సాయంత్రం ఆయన నవ్వు ఆగిపోవడం నేను చూశాను. దీపం ఊదేశాడు. తన అరచేతితో నా ఎడమ కన్ను మూశాడు. మళ్ళీ ముట్టించమని బావమరిదికి సైగ చేశాడట. అగ్గిపుల్ల గీసిన చప్పుడు విన్నాను. పుల్ల ఆరిపోయిందేమో అనుకున్నాను.

"ఏం గానొస్తుంది?" అని అడిగాడు కాక. ఆ గొంతు ఆటలో గొంతు కాదు.

నేను ఎదురుచూశాను. ఆయన మళ్ళీ అడిగాడు. అప్పుడు నేనే అడిగాను.

"దీపం ఎప్పుడు ముట్టిస్తవ్ కాకా?"

ఆయన చేయి తీసేశాడు. దీపం నా ముక్కు ముందే వెలుగుతోంది, చుట్టూ సింగిడితో సహా. ఎడమ కన్ను మూస్తే లోకం లేకుండా పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. రెండు కళ్ళతో చూసే పిల్ల ఏ కన్ను ఎంత చూస్తోందో లెక్క పెట్టుకోదు కదా. కాక కందిలిని నేల మీద పెట్టి, లేచి, మా ఇంటి తలుపు కొట్టాడు. బాపుకు ఏం చెప్పాడో వినపడలేదు. మరునాడే రామగుండం స్టేషన్‌లో బండెక్కాం. బాపు, అవ్వ, నేను, మాతో పాటు కాక. నువ్వెందుకు డ్యూటీ పోగొట్టుకుంటావని బాపు అన్నా వినకుండా ఎక్కాడు. దారిపొడవునా పెట్టె తలుపు దగ్గరే నిలబడ్డాడు.

పట్నంలో చూసిన డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. విషయాన్ని మా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పింది. కంట్లో ఎప్పుడూ కొంచెం నీరు ఊరుతూ ఉంటుంది, ఊరిన నీరు పోవడానికి దారి ఉంటుంది. చిన్నప్పుడు పొర తీసిన పిల్లల్లో కొందరికి ఏళ్ళు గడిచాక ఆ దారి మూసుకుపోతుంది. నీరు నిలిచి కన్ను గట్టిపడుతుంది, వెనక నరం నలిగి చచ్చిపోతుంది. నీటికాసులు అంటారు దీన్ని. దీపాల చుట్టూ రంగులు కనపడటం దాని గుర్తే. కుడి కంట్లో చూపు పోయింది, అది రాదు. ఎడమ కంటికి కోత పెట్టి, పైరెప్ప చాటున నీటికి కొత్త దారి తీస్తే మిగిలింది నిలబడవచ్చు.

"గనిల నీళ్ళు తోడకపోతే మునిగినట్టు" అన్నాడు కాక. ఆమె అవునంది. ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. పిల్ల మొదటిసారి సింగిడి అన్నప్పుడే తెచ్చి ఉంటే?

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. "కొంత మిగిలేదేమో" అంది.

ఆమె అన్నది అంతే. పక్క మంచం వాళ్ళను చూడటానికి వెళ్ళిపోయింది. ఆ ఒక్క "ఏమో"ను కాక ఎన్ని దశాబ్దాలు మోశాడో నేను చూశాను. మిగిలేదని గట్టిగా చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడు. మిగలదని చెప్పి ఉంటే బతికిపోయేవాడు.

మత్తు వాసనతో మొదలైన ఆపరేషన్ నాకు గుర్తు లేదు. తర్వాతి చీకటి గుర్తుంది. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. దగ్గకూడదు, ఏడవకూడదు. ఏడవకూడదంటే పిల్లలకు ఏడుపే వస్తుంది. అవ్వ నన్ను చూస్తే ఏడ్చేది, ఆమె ఏడిస్తే నేను ఏడ్చేదాన్ని. అందుకని ఆమెను వరండాలో కూర్చోబెట్టి కాక నా పక్కన కూర్చున్నాడు. బీడీ మానేసిన మనిషి వేళ్ళకు బీడీ వాసన ఇంకా ఉండేది. నాకు భయం వేస్తే ఆ వేళ్ళు పట్టుకునేదాన్ని.

ఆ చీకట్లో ఆయన గని కథలు చెప్పాడు. చదువుకున్న మాటలు కావు, తను పడ్డ మాటలు. "లోపట దీపం ఆరిపోయిందనుకో. తిరగొద్దు. తిరిగితే గోడకు తాకుతవ్, గుంతల పడుతవ్. దీపం పోయిన కాడనే కూసోవాలె. దీపం ఉన్నోడు ఎవడో ఒకడు ఎతుక్కుంట వస్తడు" అన్నాడు. రాకపోతే అని అడిగాను. "వస్తడు. నేను ఎంతమందిని ఎతికి తేలె" అన్నాడు. ఆ తర్వాత నా బతుకులో చాలా సందర్భాల్లో, కళ్ళతో సంబంధం లేని చీకట్లలో, ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. ఎవరో ఒకరు వచ్చారు. ఎక్కువసార్లు ఆయనే వచ్చాడు.

కట్టు విప్పాక ఎడమ కన్ను చూసింది. ఊరికి వచ్చాం. ఇంటికి వచ్చాక అవ్వ దుఃఖం కోపమైంది. నల్లా దగ్గర అందరి ముందూ, "మీ ఆటల నా బిడ్డ కన్ను పోయింది" అంది కాకతో. ఆయన బిందె కింద పెట్టి నిలబడ్డాడు. తనకూ తెలియదని, పొయ్యి పొగ అనుకున్నది ఆమే కదా అని అనవచ్చు. అనలేదు. ఆమె మాట్లాడడం ఆపేదాకా నిలబడి, నీళ్ళు పట్టకుండానే ఖాళీ బిందెతో ఇంటికి వెళ్ళాడు. చాలా కాలం రెండిళ్ళ మధ్య కూర గిన్నెలు తిరగలేదు.

తిరిగేలా చేసింది మళ్ళీ నా కన్నే. కోసి తీసిన దారి నిలవలేదు. పిల్లల ఒళ్ళు త్వరగా మానుతుంది, మామూలు గాయానికైతే అది అదృష్టం, ఈ గాయానికి అదే తంటా అంది డాక్టరమ్మ. మానకూడని చోట నా కన్ను మానిపోయింది. మళ్ళీ కోయాలి. అప్పటికి బాపు కాలు మీద బొగ్గు టబ్బు ఎక్కి మంచంలో ఉన్నాడు. అవ్వ వెళ్ళి కాక తలుపు దగ్గర నిలబడింది. లోపలికి వెళ్ళలేదు. "నువ్వు గూడ రావాలె. నువ్వుంటె పిల్ల ఏడ్వది" అంది. ఆయన అంగీ తొడుక్కుని వచ్చేశాడు. తిరిగి వచ్చిన వారం అవ్వ గిన్నె నిండా చింతచిగురు పప్పు పంపింది. క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు. పప్పు మాత్రం పంపడం మానలేదు.

ఈసారి తీసిన దారి నిలిచింది. ఇప్పటికీ నిలిచి ఉంది. డెబ్భైల్లో నేను ఆ ఒక్క కంటితోనే చదివి, పంతులమ్మ ట్రైనింగ్ పూర్తి చేసి, బడిలో చేరాను. ఆ రెండోసారి దవాఖాన నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. దీపం చుట్టూ మళ్ళీ రంగులు కనపడితే ఒక్కరోజు కూడా ఆగకుండా రావాలని. ఆ మాట చెప్పింది అవ్వకు, పట్టుకున్నది కాక.

అప్పటి నుంచి మళ్ళీ మొదలైంది, కానీ ఆట కాదు. నేను ఎప్పుడు వాళ్ళ గడప తొక్కినా కందిలి వచ్చేది. బొట్టు లేదు, చాయ్ లేదు, ముందు కందిలి. వత్తి తగ్గించేవాడు. "ఏం గానొస్తుంది?" నేను చూసి, "మంట ఒక్కటే కాకా" అనేదాన్ని. నా ముఖం కాసేపు చూసి, నమ్మకం కుదిరాకే వత్తిని పైకి తిప్పేవాడు. పెళ్ళయి మంచిర్యాలకు వెళ్ళాక కూడా, పిల్లల్ని చంకనేసుకుని వచ్చినా, రిటైరయి జుట్టు నెరిసి వచ్చినా ఇదే. ఏటేటా మిషన్ మీద కంటి ఒత్తిడి చూపించుకుంటున్నాను, బాగుందన్నారు అని చెప్పేదాన్ని. "మిషిను మాట మిషినుది" అని అగ్గిపుల్ల గీసేవాడు. కందిలి గాజుబుడ్డి పగిలితే బజారంతా వెతికి అదే కొలత బుడ్డి తెచ్చేవాడు. కందిళ్ళు కొనేవాళ్ళు పోయారు, అమ్మేవాళ్ళు పోయారు, ఆయన ఒక్కడే మిగిలాడు.

ఒకసారి చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "నువ్వు లేనప్పుడు గూడ పొద్దుమీకంగ గా కందిలి ముందట కూసుంటడు. వత్తి తగ్గిస్తడు, సూస్తడు, పెంచుతడు. నాకు బుగులైతది బిడ్డా. అవతల పారెయ్యమంటే ఇనడు" అంది. నేను వెళ్ళి ఆయన్ను అడిగాను, ఏం చూస్తావు కాకా అని. దాచలేదు. "నువ్వు సూసిన సింగిడి నాకు గానొస్తదేమో అని. ఎన్నడు గానరాలె" అన్నాడు. నీ తప్పేం లేదు కాకా అన్నాను. ఆ మాట నేను చాలాసార్లు అన్నాను. ఆయన ప్రతిసారీ బుద్ధిగా విని, వానొచ్చేటట్టుందనో ఎండ ఎక్కువైందనో ఇంకో మాట తీసేవాడు.

నాతో నడిస్తే ఎప్పుడూ కుడిపక్కనే నడిచేవాడు, నా చూపు లేని పక్క. బజారులో సైకిళ్ళు, గొడ్లు, మనుషులు నాకు తగలకుండా తను అడ్డం ఉండేవాడు. అందువల్ల ఒక విచిత్రం జరిగింది. నన్ను అంతగా కనిపెట్టుకున్న మనిషి, పక్కన నడిచినంతసేపూ నాకు కనపడలేదు. చెప్పుల చప్పుడు, దగ్గు, కర్ర నేలను తట్టడం, ఇంతే. తల పూర్తిగా తిప్పితే తప్ప ముఖం కనపడేది కాదు. "తల తిప్పకు, ముందట సూడు" అని కసిరేవాడు.

పోయిన వానాకాలం వెళ్ళినప్పుడు ఆయన గడప దగ్గరే గోడ పట్టుకుని నిలబడ్డాడు. చిన్నమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది. కప్పు దిక్కు తలెత్తడం మాత్రం మానలేదు, కప్పు కనపడకపోయినా. ముసలితనానికి ఆయన కళ్ళు కూడా మసకేశాయి. ఆపరేషన్‌కు కొడుకు ఎంత చెప్పినా వినలేదు, ఉన్న నాలుగు రోజులకు ఎందుకన్నాడు. కందిలి, అగ్గిపెట్టె నా చేతికిచ్చాడు. నేను ముట్టించి, వత్తి తగ్గించి, మా ఇద్దరి మధ్య పెట్టాను. ఆయన మంట దిక్కు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ అడిగాడు.

"ముట్టించినవా బిడ్డా?"

ఆ అరుగు, ఆ అరచేయి, అగ్గిపుల్ల చప్పుడు, అన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. ముట్టించిన కాకా అన్నాను. మంట ఒక్కటే అని కూడా అన్నాను. ఆయన చేయి చాచి, వేడిని బట్టి బుడ్డి ఎక్కడుందో తెలుసుకుని, తడుముకుంటూ కింద తిప్పేది పట్టుకుని, వత్తిని పైకి తిప్పాడు. ఆ పని మాత్రం నన్ను చేయనివ్వలేదు.

నేను వెళ్ళేసరికి పాడె కట్టేశారు. గోదావరి దాకా నడిచాను. దారిలో లారీలు, ఆటోలు. నా కుడిపక్క ఎవరూ లేరని నాకు తెలుసు. ఆయన నా ముందు నలుగురి భుజాల మీద పోతున్నాడు, ఎడమ కంటితో చూస్తూనే ఉన్నాను. అయినా కర్ర చప్పుడు కోసం నా చెవి ఆ పక్కే ఉండిపోయింది. ఆయన ఉన్నప్పుడూ ఆ పక్క నాకు ఏమీ కనపడలేదు, ఇప్పుడూ ఏమీ కనపడటం లేదు. ఏం తేడా వచ్చిందని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? ఒకచోట తల తిప్పబోయాను. ముందట సూడు అన్నట్టనిపించి తిప్పలేదు.

స్నానాలయ్యి ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆయన పడుకునే మంచం ఎత్తేసి, ఆ జాగా అలికి, తలాపున కందిలి పెట్టారు. కోడలు నాకు పీటొకటి వేసి లోపలికి వెళ్ళింది. నేను కూర్చుని, కప్పు దిక్కు చూశాను. తర్వాత నా చేయి దానంతట అదే పోయి వత్తిని తగ్గించింది.

మంట చుట్టూ సింగిడి.

కళ్ళద్దాలు తీసి, కొంగుతో కన్ను ఒత్తుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాను. రంగులు పోయాయి. ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ వచ్చాయి. కంట్లో నీళ్ళు నిలిస్తే ఎవరికైనా దీపం అలాగే కనపడుతుందని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఇది ఏడుపో, ఆ పాత రోగమో చెప్పడానికి నా ముఖం చూసే మనిషి లేడు. ఏడవకూడదు అనుకున్నాను. ఇసుక సంచుల మధ్య పడుకున్న పిల్లలాగా కదలకుండా కూర్చున్నాను. దీపం పోయిన కాడనే కూసోవాలె.

ఎంతసేపైందో. కన్ను ఆరింది. బుడ్డి లోపల మంట, గోరంత, కదలకుండా ఉంది. చుట్టూ ఏమీ లేదు.

"మంట ఒక్కటే కాకా" అన్నాను.

ఇక వత్తి పైకి తిరగాలి. ఎప్పుడూ తిరిగేది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ చిన్న మంటను చూస్తూ, కుడిపక్కకు చెవి పెట్టి కూర్చున్నాను. గది చీకటవుతూ ఉంది. వత్తి అంతే ఉంది.